మునసబుగారి మూడున్నర కాళ్ళు

మునసబు వేణుగోపాలనాయుడుగారి కుడికాలు విరిగి ఎనభై ఏళ్ళు దాటింది. అది అతుక్కోవడం, ఆయన దాని మీద ముప్పై ఏళ్ళు ఊరంతా తిరగడం, చివరికి దాంతోపాటే కాటికి పోవడం, అన్నీ సవ్యంగానే జరిగాయి. ఆ కాలు వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు, మాలకొండయ్య తన వాటా అమ్ముకునేదాకా.

మాలకొండయ్య నులక మంచాలు అల్లుతాడు. మాట తక్కువ మనిషి. రాళ్ళపాడులో తాత చెంచయ్య నాటి ఇంటిస్థలం అతనికీ, ఇద్దరు తమ్ముళ్ళకీ ఉమ్మడిగా ఉండేది. తమ్ముళ్ళంటే బాబాయి కొడుకులు. ఇల్లు కూలిపోయి మొండిగోడలు మిగిలాయి. ధాన్యం వ్యాపారి ఒకడు గోదాము కట్టుకుంటానంటే ముగ్గురూ కలిసి అమ్మేశారు. మాలకొండయ్య వాటాకు నాలుగు లక్షలు వచ్చాయి. వచ్చాయంటే బ్యాంకు దాకా వచ్చాయి. తియ్యబోతే, వారసత్వ లాభాల కార్యాలయం నుంచి కాగితం తెస్తేనే ఇస్తామని బ్యాంకువాళ్ళు చెప్పారు.

ఆ డబ్బుతో అతనికి ఒకటే పని ఉంది. మొగుడూ పెళ్ళాం రైసుమిల్లు వెనక ఒక గదిలో అద్దెకుంటున్నారు. పొద్దస్తమానం ఊక దుమ్ము. అన్నంలో ఊక, మంచినీళ్ళలో ఊక, భార్య రవణమ్మ గుండెల్లో ఊక. రాత్రయితే దగ్గి దగ్గి కూర్చుండిపోయేది. ఊరవతల కోటమ్మ అనే ఆవిడకు రెండు గదుల పెంకుటిల్లు ఉంది. అక్కడికి దుమ్ము రాదు. “దసరా దాకా చూస్తానయ్యా. ఆ తర్వాత ఎవరొస్తే వాళ్ళకే,” అంది కోటమ్మ. దసరాకు ఇంకా ఆరు నెలలుంది గదా అని మాలకొండయ్య నిమ్మళంగా పట్నం బస్సెక్కాడు.

అధికారి చక్రధరరావు ఫైలు తెరిచాడు.

“మీ తాత ఈ స్థలం ఎంతకు కొన్నాడు?”

“కొనలా సార్.”

“కొనకుండా ఎట్లా వచ్చింది?”

“మునసబుగారి కాలు కట్టాడు. ఆయనిచ్చాడు.”

చక్రధరరావు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. “వివరంగా నివేదించుకో.”

మాలకొండయ్యకు వివరంగా చెప్పడం పెద్ద కష్టం. అయినా చెప్పాడు. చెంచయ్య విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాడు. కట్టు కట్టినవాడు చేత్తో డబ్బు ముట్టకూడదు, ముడితే కట్టు నిలవదు. అది ఆ ఇంటి ఆనవాయితీ. కట్టు విప్పిన రోజున మనిషి తన కాళ్ళ మీద తాను నడిచొచ్చి, తోచింది ఇచ్చిపోవాలి. మునసబు నడిచొచ్చాడు. అప్పటికి చెంచయ్యకు నిలవ నీడ లేదు. “ఒరే చెంచయ్యా, ఈ కాలు ఎంత నేల చుట్టొస్తే అంత నీది,” అని ఆ బీడులో ఒక చుట్టు తిరిగొచ్చి నిలబడ్డాడు. పాదాల గుర్తుల వెంబడి రాళ్ళు పాతుకున్నారు. అదే హద్దు.

“అయితే ధర లేదన్నమాట,” అంది పక్కన కూర్చున్న సూపరింటెండెంట్ రాజ్యలక్ష్మి. “వచ్చిన నాలుగు లక్షలూ లాభమే సార్. పన్ను వేసేద్దాం.”

“తొందరపడకండి,” అన్నాడు చక్రధరరావు. ఆయనకు తాను న్యాయమూర్తి కావలసినవాడినని ఒక నమ్మకం. “పార్టీకి అన్యాయం జరగకూడదు. తాత పెట్టిన ఖర్చు తీసేసి మిగిలినదాని మీదే పన్ను వెయ్యమంది నిబంధన. ధర లేకపోవడమేంటి? సదరు మునసబు ఊరికే ఇవ్వలేదు. కాలు పుచ్చుకుని స్థలం ఇచ్చాడు. రాసుకోండి. సంపాదన ఖర్చు: కాలు, ఒకటి, కుడిది.”

“సార్, చెంచయ్య ఇచ్చింది కట్టు కదా? నాలుగు వెదురుబద్దలు, కోడిగుడ్డు సొన, పాతగుడ్డ.”

“మునసబు వెదురుబద్దల మీద నడిచాడా అమ్మా, కాలి మీద నడిచాడా?”

రాజ్యలక్ష్మి రాసుకుంది.

“ఇక పోతే, పాతకాలపు ఖర్చును ఈ కాలానికి పెంచి లెక్కించాలి. అది ప్రజలకు శాఖ ప్రసాదించిన వెసులుబాటు. ధరల సూచిక ప్రకారం అప్పటి ఒకటికి ఇప్పుడు మూడున్నర.” చక్రధరరావు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. “అంటే సదరు కాలు ఇవాళ్టికి మూడున్నర కాళ్ళయింది.”

గదిలో ఎవరూ నవ్వలేదు. బంట్రోతు ఏసోబు ఒక్కడు మాత్రం తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు.

“ఆయనకున్నయ్యే రెండు సార్,” అన్నాడు మాలకొండయ్య.

“శాఖ దయతలిచి ఇస్తుంటే వద్దంటావేంటయ్యా? ముగ్గురు వాటాదారులు కాబట్టి, నీ భాగానికి ఒక కాలూ, ఇంకో కాలి పాదమూ వస్తాయి. వాటి విలువ అమ్మకం ధరలోంచి మినహాయిస్తాం. నీ ఫైలు తేలితే మీ తమ్ముళ్ళవీ తేలతాయి. ఇక మిగిలిందల్లా ఒకటే, కాలు ధర నిర్ణయించడం. అది వారం పని.”

వారం పని కాలేదది. కాలు ధర తెలపవలసిందిగా చక్రధరరావు అన్ని శాఖలకూ రాశాడు. పశువైద్య శాఖ వాళ్ళు మేక కాళ్ళ ధర పంపారు, కాల్చినవి వేరు, కాల్చనివి వేరు. మార్కెట్ యార్డు వాళ్ళు, మనిషి కాళ్ళు తమ యార్డుకు సరుకుగా రావడం లేదనీ, వచ్చినచో తెలియజేయగలమనీ రాశారు. రిజిస్ట్రేషన్ వాళ్ళు ఏ ఊరి కాలు, ఏ సర్వే నంబరు అని అడిగారు. ప్రతి జవాబుకూ చక్రధరరావు ఇంకో ప్రశ్న పంపాడు. కరెంటు బిల్లు కట్టేవాళ్ళకు కూడా అంత శ్రద్ధ ఉండదు.

“ఏందంట?” అని అడిగింది రవణమ్మ, మొగుడు బస్సు దిగి వస్తుంటే.

“కాలు ధర తేలాలంట.”

“ఎవరి కాలు?”

“మునసబుది.”

“ఆయన సచ్చి యాభై ఏళ్ళాయె గదయ్యా!”

“కాలు పెరిగిందంట. మూడున్నర.”

రవణమ్మ దగ్గుతూ నవ్వింది, నవ్వుతూ దగ్గింది. దగ్గే గెలిచింది. కాసేపటికి తేరుకుని, “ఆ అరకాలు ఎక్కడ మొలిచిందో అడగకపోయినావా? నువ్వు అడగవులే. నీ నోట్లో నులక కుక్కినట్టుంటావు,” అంది.

మాలకొండయ్య మంచం పట్టె మీద చెయ్యేసి కూర్చున్నాడు. మిల్లు ఆగలేదు.

వైశాఖంలో ఇంకో సందేహం పుట్టింది. కాలు అతికింది సరే, బాగా అతికిందా? మునసబు ఆ తర్వాత కుంటినట్లయితే అది పూర్తి కాలు కాదు. తరుగు తియ్యాలి. తరుగు తియ్యకుండా మూడున్నర కాళ్ళు ఇచ్చేస్తే ప్రభుత్వ ఖజానాకు నష్టం. చక్రధరరావు సర్వేయరును పంపించాడు.

సర్వేయరు గొలుసు లాగి కొలిచి, స్థలం మూడు వైపులా తిన్నగా ఉండి, దక్షిణం వైపు మాత్రం మధ్యలో బయటికి వంపు తిరిగిందని నివేదించాడు. “కాలు బాగున్న మనిషి తిన్నగా నడుచును. వంపు తిరిగినందున సదరు మునసబు ఆ చోట కుంటినట్లు రుజువగుచున్నది. తరుగు నాలుగో వంతు.”

“అక్కడ పెద్ద రాయుండేది సార్,” అన్నాడు మాలకొండయ్య. “దాని చుట్టూ తిరిగిపోయాడు.”

“ఇప్పుడు ఉందా?”

“లేదు. కొన్నాయన పెకలించాడు.”

“లేని రాయి రికార్డుకు ఎక్కదు,” అన్నాడు చక్రధరరావు.

మునసబు కుంటివాడని ప్రభుత్వం రాసిందన్న కబురు ఊళ్ళోకి వెళ్ళింది. మరుసటి బస్సుకే మునసబు మనవడు పరంధామనాయుడు దిగాడు. తెల్లచొక్కా, మెళ్ళో గొలుసు, చంకలో అద్దం కట్టించిన ఫోటో.

“ఎవుడయ్యా మా తాతను కుంటోడన్నది? ఆయన నడిస్తే వీధిలో కుక్కలు గూడా పక్కకు తప్పుకునేయి! ఇదిగో చూడు, మా తాత ఫోటో!”

చక్రధరరావు ఫోటో అందుకుని తేరిపార చూశాడు. మునసబు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో నుంచి నేల దాకా శాలువా పరిచి ఉంది.

“ఇందులో కాళ్ళు కనిపించడం లేదు.”

“శాలువా కింద ఉండవా!”

“ఉండవచ్చు. ఉండకపోవచ్చు. ఫోటోను బట్టి సదరు మునసబుకు అసలు కాళ్ళున్నట్లే ధ్రువపడడం లేదు. మీరు పట్టుబడితే మొత్తం కాలే కొట్టెయ్యవలసి వస్తుంది.”

పరంధామనాయుడు ఫోటో లాక్కున్నాడు. మాలకొండయ్య వైపు తిరిగి, “మీ తాత కట్టుకాడికి ఎందుకు పోయాడో మా తాత. ఆ కాలు తీయించేసినా సరిపోయుండేది,” అని ఫోటో చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అయినా నాయుడి అరుపులకు పై అధికారులు ఉలిక్కిపడ్డారు. విషయం సమగ్రంగా తేల్చమని ఉత్తర్వు వచ్చింది. చక్రధరరావు ఒక రాత్రంతా ఆలోచించి, శాఖ చరిత్రలో ఇంతవరకూ లేని పద్ధతి ఒకటి కనిపెట్టాడు. దాని పేరు నడక పంచనామా. సక్రమమైన కాలు గల ప్రభుత్వాధికారి ఒకరు సదరు హద్దు వెంబడి, అప్పటి మునసబు మాదిరిగానే, తల ఎత్తి, ఠీవిగా, కిందికి చూడకుండా నడవాలి. అధికారి తిన్నగా నడవగలిగితే మునసబు కుంటివాడు. అధికారి కూడా వంపు తిరిగితే ఆ వంపు నేలది.

జ్యేష్ఠంలో ఒక మంచిరోజు చూసి జీపు వచ్చింది. కుర్చీలు వేశారు. గోదాము కట్టే మేస్త్రీలు పని ఆపి గోడ ఎక్కి కూర్చున్నారు. సర్వేయరు గొలుసు పట్టుకున్నాడు, రాజ్యలక్ష్మి గొడుగు పట్టుకుంది, ఏసోబు నీళ్ళ సీసా పట్టుకున్నాడు. చక్రధరరావు పంచె మునసబు కట్టులో కట్టుకుని వచ్చాడు, పరీక్షలో లోపం రాకూడదని.

“సార్, దక్షిణప్పక్క చూసి నడవండి,” అన్నాడు మాలకొండయ్య. “రాయి తీసిన కాడ గుంట పూడ్చలా.”

“సాక్షిని ప్రభావితం చెయ్యవద్దు!” అన్నాడు సర్వేయరు.

చక్రధరరావు నడిచాడు. తూర్పు వైపు బ్రహ్మాండంగా నడిచాడు. మలుపు తిరిగి దక్షిణం పట్టుకున్నాడు. తల ఎత్తి, ఠీవిగా, కిందికి చూడకుండా, వంపు దగ్గర ఇసుమంత కూడా వంగకుండా, తిన్నగా వెళ్ళి రాయి లేని గుంటలో పడ్డాడు.

“తిన్నగానే నడిచారు. నమోదు చెయ్యండి,” అన్నాడు సర్వేయరు.

గుంటలోంచి కేక వినిపించింది. కుడికాలే.

అధికారిని పెద్ద నగరంలో పెద్ద ఆస్పత్రికి తీసుకుపోయారు. ఫైలు ఆగిపోయింది. అధికారి కాలు మీద లేచేదాకా మునసబు కాలు కదలదని రాజ్యలక్ష్మి చెప్పింది. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. మిల్లుకు కొత్త యంత్రం వచ్చింది. ఊక రెండింతలైంది. కోటమ్మ ఇల్లు చూసుకోవడానికి ఎవరో బస్తీవాళ్ళు వచ్చిపోయారని తెలిసింది. రవణమ్మ ఎగతాళి చెయ్యడం మానేసింది. మొగుడికి భయం వేసింది అప్పుడే. ఆవిడ తిడుతున్నంతకాలం ఊపిరి ఆడుతున్నట్టు లెక్క.

“పోయి మళ్ళీ అడిగిరా,” అంది ఒకనాడు. అంతే అంది.

భాద్రపదం దాటాక చక్రధరరావు విధుల్లో చేరాడు. కాలికి కట్టు లేదు గానీ చేతికర్ర ఉంది, వెండి పొన్నుది. మాలకొండయ్య వెళ్ళేసరికి ఆయన చుట్టూ ఆఫీసంతా మూగి ఉంది.

“మామూలు కాలనుకున్నారా!” అంటున్నాడు. “నగరంలో అందరికన్నా పెద్ద డాక్టరు పట్టుకుని చూశాడు. ప్రత్యేక గది, చల్లగాలి, పూటకో నర్సు. ఎంతయిందనుకుంటున్నారు? అక్షరాలా నాలుగున్నర లక్షలు! పైసా తగ్గకుండా శాఖే భరించింది.”

“ఎముకలో చీలిక ఒకటే అన్నారు కదండీ?” అంది రాజ్యలక్ష్మి అమాయకంగా.

“చీలికైనా కాలు కాలే కదమ్మా! కాలికి అంత ధర సమంజసమేనని పై ఆఫీసు కూడా ఆమోదముద్ర వేసింది.”

ఏసోబు మాలకొండయ్య చెవి దగ్గరికి వంగాడు. “మా బావమరిది ఆ ఆస్పత్రిలోనే తుడుస్తాడు పెద్దాయనా. పిండికట్టేసి నాలుగోనాడు ఇంటికి పంపించేశారు. ఆ గదిలో ఉన్నదంతా వాళ్ళ అత్తగారు. కీళ్ళనొప్పులకు.”

మాలకొండయ్య ఆఫీసులో ఎన్నడూ ముందుకు రాలేదు. ఆరోజు వచ్చాడు.

“ధర తేలింది గదా సార్.”

“ఏ ధర?”

“కాలు ధర. ఇన్నాళ్ళూ అదే గదా లేనిది. అదే స్థలం. అదే వంపు. కుడికాలే. ఆ రేటే మునసబుగారి కాలికి రాయండి.”

చక్రధరరావు చేతికర్ర చెయ్యి మార్చుకున్నాడు.

“నీకు తెలియదయ్యా. నాది ప్రభుత్వ కాలు. విధినిర్వహణలో విరిగిన కాలు. ఒక పల్లెటూరి మునసబు కాలుతో…”

“మునసబు కూడా ప్రభుత్వోద్యోగే సార్,” అంది రాజ్యలక్ష్మి. ఆవిడ ముఖంలో ఏ భావమూ లేదు. “పన్ను వసూలుకు పోతుంటే గుర్రం మీంచి పడ్డారని ఊరివాళ్ళ వాఙ్మూలంలో ఉంది.”

“ఆ రోజుల్లో అంత ఖర్చెక్కడుంది? కాలు అంటే మహా అయితే…” అని చక్రధరరావు నాలుక కరుచుకున్నాడు.

“చెప్పండి సార్, రాసుకుంటాను. మహా అయితే ఎంత?” అంది రాజ్యలక్ష్మి. “మన ఆఫీసే కాలు ధర తక్కువని తేలిస్తే, ఆడిట్‌వాళ్ళు రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తారు. అందుకని అడుగుతున్నాను.”

చక్రధరరావు గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు. అందులో ఆయనకు ఏ సహాయమూ దొరకలేదు. ఆ తర్వాత ఉత్తర్వు తానే చెప్పి రాయించాడు. ఒక్కొక్క ముక్కా పన్ను పీకుతున్నట్టు వచ్చింది.

“ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, కాలు ఒకింటి సమంజసమైన ధర నాలుగున్నర లక్షలని తేలినందున… తరుగు పోను కూడా పార్టీ వాటా కాళ్ళ విలువ అమ్మకం ధరకు సరిసమానముగా వచ్చుచున్నందున… లాభము శూన్యము. పన్ను శూన్యము. సొమ్ము విడుదల చేయవచ్చును.”

“సరిసమానం రావాలంటే పైన ఒక వేలు సర్దాలి సార్,” అంది రాజ్యలక్ష్మి లెక్క చూసి.

“బొటనవేలు సర్దండి,” అన్నాడు చక్రధరరావు నీరసంగా.

మాలకొండయ్య కాగితం పట్టుకుని నేరుగా బ్యాంకుకు పోయాడు. అక్కణ్ణుంచి కోటమ్మ దగ్గరికి. దసరాకు ఇంకా రెండు రోజులుంది. “నేను నీ మీద ఆశ వదిలేసుకుంటిని గదయ్యా. అంత ఆలస్యం దేనికి?” అంది కోటమ్మ. “కాలు కుదురుకోవాల్సొచ్చింది,” అన్నాడు మాలకొండయ్య.

కొత్తింట్లో రవణమ్మ మొదటి వారమంతా నిద్రపోయింది. రెండో వారం వాకిలి వంకరగా ఉందని తిట్టింది. పొయ్యి ఎత్తుగా ఉందని తిట్టింది. అరుగు మీద నులక పోగు పెట్టినందుకు గుక్క తిప్పుకోకుండా తిట్టింది. మధ్యలో ఒక్కసారి కూడా దగ్గలేదు. మాలకొండయ్య మంచం అల్లుకుంటూ పాట విన్నట్టు విన్నాడు.

కార్తీకంలో ఏసోబు సైకిలు మీద వచ్చాడు, చేతిలో పొడుగు కవరు.

“తాత ఇంట్లో ఉండాడా?” అన్నాడు.

“ఏ తాత?”

“కట్ల చెంచయ్య. ఆయన పేరనే వచ్చింది నోటీసు. స్వయంగా చేతికియ్యమన్నారు.” ఏసోబు చదివి వినిపించాడు. కాలు ధర నాలుగున్నర లక్షలని శాఖ తేల్చింది గనక, ఆ కాలుకు ప్రతిఫలంగా పుచ్చుకున్న స్థలం చెంచయ్య వృత్తి ఆదాయం అవుతుంది. అంత ఆదాయం వచ్చి కూడా దాచిపెట్టి, ఎనభై ఏళ్ళుగా పన్ను కట్టనందుకు ఎందుకు చర్య తీసుకోరాదో స్వయంగా హాజరై చెప్పుకోవాలి.

“ఓరి మీ ఆఫీసు బుగ్గయిపోను! ఆయన పోయి ఎన్నేళ్ళయిందో తెలుసా?” అంది రవణమ్మ లోపలి నుంచి.

“నాకు తెలుసమ్మా. వాళ్ళకు జెప్పండి,” అన్నాడు ఏసోబు.

మాలకొండయ్య పని పక్కన పెట్టి, తుండుగుడ్డ భుజాన వేసుకుని, రమ్మన్నట్టు తల ఊపాడు. ఇద్దరూ ఊరి చివర దిబ్బ దగ్గరికి నడిచారు. తుమ్మచెట్ల మధ్య చెంచయ్యను పూడ్చిపెట్టిన చోట గుండ్రటి రాయొకటి ఉంది. పసుపు పూసిన గుర్తులు ఇంకా ఉన్నాయి.

“ఇదిగో, ఈయనే. ఇచ్చిరా.”

ఏసోబు సైకిలు స్టాండు వేశాడు. చొక్కా సర్దుకున్నాడు. ఉద్యోగం ఉద్యోగమే.

“కట్ల చెంచయ్యా!” అని గట్టిగా పిలిచాడు. కాసేపు ఆగి మళ్ళీ పిలిచాడు. తుమ్మచెట్టు మీంచి పిట్ట లేచిపోయింది. కవరు రాయి మీద పెట్టి చూశాడు. గాలికి కింద పడింది. తీసి దులిపి సంచిలో పెట్టుకుని, కవరు వెనక పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాడు.

“ఏం రాస్తుండావు?” అన్నాడు మాలకొండయ్య.

“లేడని రాస్తే ఎక్కడున్నాడో వెతికి పట్టుకు రమ్మంటారు. మళ్ళీ నన్నే తిప్పుతారు. అందుకని ఉన్నదున్నట్టు రాశా. పార్టీ ఉన్నాడు. పిలిచినా పలకలేదు. నోటీసు తీసుకోలేదు.”

మరునాడు చక్రధరరావు అది రెండుసార్లు చదివాడు. కుడికాలు ఎడమకాలి మీద వేసుకుని, ఫైలు మీద ఎర్రసిరాతో తన అభిప్రాయం నమోదు చేశాడు:

“ఈ కుటుంబీకుల ధోరణి మొదటినుంచీ ఇంతే. అడిగినదానికి నోరు విప్పి సమాధానం చెప్పరు.”